ఒకటి రాయమంటే ఏడు

చూసింది చూసినట్టు చెప్తే పాపమవుతుందా అన్న సందేహం ఆమెకు ముప్పై రెండేళ్ళుగా ఉంది. రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు చేతులు జోడించినప్పుడు అన్నీ అడిగేది. మోకాళ్ళ నొప్పి తగ్గించమనేది, మొగుడి నోరు అదుపులో పెట్టమనేది. ఈ ఒక్కటీ మాత్రం అడిగేది కాదు. అబద్ధం చెప్తే పాపమని చాలా పుస్తకాల్లో రాసి ఉంది. నిజం చెప్తే ఏమవుతుందో ఎక్కడా సరిగ్గా రాసి లేదు. అరవై వేల పుస్తకాల మధ్య బతికిన మనిషి కాబట్టి ఆ మాట ఆమె గట్టిగానే చెప్పగలదు.

ఆ గ్రంథాలయంలో ఆమెను అందరూ నిశ్శబ్దం మేడమ్ అంటారు. ఎవరైనా గట్టిగా దగ్గినా సరే, నోరు విప్పకుండా గోడమీది 'నిశ్శబ్దం' బోర్డు వైపు వేలు చూపిస్తుంది. ఇంకా పద్దెనిమిది రోజుల్లో, ఈ నెల ముప్పై ఒకటిన, ఆమె ఉద్యోగ విరమణ. ఈలోగా పుస్తకాలన్నీ లెక్క చూసి కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించాలి. ఒక్క పుస్తకం కూడా తేడా రాలేదు అన్న సంతకంతో బయటికి నడవాలన్నది ఆమె పంతం. తనకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మనిషి అలా నడవలేకపోయాడు. 'ఒక పుస్తకానికి జవాబు లేదు' అని రాయించుకుని, ఒక దండా, ఒక మంచి మాటా లేకుండా వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. అనుభవం ఉన్న గ్రంథపాలకులకూ కొత్తవాళ్ళకూ మధ్య ఆత్మీయ బంధం పెంపొందించాలట. అందుకోసం ఇద్దరిద్దరిని జంటలు కట్టారు. జంట రోజూ పావుగంట కలిసి టీ తాగాలి, తాగాక ఫారం నింపాలి. ఫారం ఆరు పేజీలు. 'ఈరోజు మీ జంట నుంచి మీరు నేర్చుకున్నది' అని ఒక గడి. చివరి పేజీలో పెద్దవాళ్ళు మాత్రమే నింపాల్సిన గడి ఇంకొకటి: 'మీ జంట ఈ బాధ్యతకు తగినవారేనా?'

ఆమె కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివింది.

"పెళ్ళిళ్ళ పేరయ్య పని కూడా మొదలెట్టారన్నమాట," అంది.

ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న కొత్తమ్మాయి నవ్వింది. నవ్వమని ఆమె అనలేదు. ఈ అమ్మాయి చేరి నాలుగు నెలలైంది. పేరు వెనక ఇన్ని డిగ్రీలు, చేతిలో ఒక స్కానరు. పుస్తకాన్ని పుస్తకమనదు, ఐటెం అంటుంది. పాఠకుణ్ణి పాఠకుడనదు, యూజరు అంటుంది. అన్నిటికన్నా ఒళ్ళు మండించేది ఇంకొకటుంది. బీరువాలోంచి పుస్తకం తీసేటప్పుడు, పిల్లిపిల్లను మెడ పట్టుకుని లేపినట్టు, వీపు పైఅంచు పట్టుకుని లాగుతుంది. అలా లాగితే పదేళ్ళకు వీపు ఊడి చేతికొస్తుంది. రెండు పక్కల పుస్తకాలనూ కాస్త లోపలికి నెట్టి, నడుం పట్టుకుని తీయాలి. ఆ సంగతి మేడమ్ నాలుగు నెలలుగా చూస్తోంది, పళ్ళు నూరుతోంది, చెప్పలేదు. అడిగితే కదా చెప్పడం!

పదకొండింటికి టీ వచ్చింది. కొత్తమ్మాయి ఫారం తెరిచి, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"మేడమ్, మొదటి ప్రశ్న అడగనా?"

"టీ చల్లారుతుంది, అడుగు."

"మీ ఉద్యోగంలో మీకు ఎదురైన అతి పెద్ద సవాలు ఏమిటి?"

"నువ్వే."

కొత్తమ్మాయి రాసుకుంది. నిజంగానే రాసుకుంది. "దాన్ని మీరు ఎలా ఎదుర్కొన్నారు?"

"ఇంకా ఎదుర్కొంటున్నా. పద్దెనిమిది రోజులేగా, పంటి బిగువున ఓర్చుకుంటా."

"ఇది మూడోది. వృత్తిలో మీరు ఎన్నడూ వదులుకోని విలువ?"

మేడమ్ కప్పు కింద పెట్టింది. దీనికి మాత్రం ఆమె దగ్గర జవాబు ఎప్పటినుంచో తయారుగా ఉంది.

"రూలు. రాసుకో. నాకు పని నేర్పిన మనిషే రిటైరయ్యాక ఒకసారి కౌంటరుకొచ్చి పుస్తకం కావాలన్నాడు. కార్డు ఏదన్నాను. లేదన్నాడు. ఇవ్వలేదు."

"మీకు నేర్పినాయనకేనా?"

"ఆ రూలు నేర్పింది కూడా ఆయనే."

"మరి ఆయనేమన్నారు?"

"ఏమంటాడు? చీటీ బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు."

"ఏం పుస్తకం మేడమ్?"

"ముప్పై రెండేళ్ళనాటి మాట, ఎవరికి గుర్తు? నీ ఫారంలో దానికీ గడి ఉందా ఏంటి?"

ఆయన్ను అందరూ ముత్యాలు మాస్టారు అనేవాళ్ళు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఆమె మాత్రం మనసులో చాదస్తం మాస్టారు అనుకునేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమంతా ఆయన ఆమె చేత చిత్తుకాగితాల మీద ఒకట్లు రాయించాడు. ఆమె ఒకటి రాస్తే పైన కొక్కెం పడేది. ఆ కొక్కేన్ని ఆయన ఎర్ర పెన్సిలుతో చుట్టి, హాలంతా వినపడేలా అనేవాడు: "ఒకటి రాయమ్మా అంటే ఏడుస్తావేం?" పేపరు చదువుతున్న ముసలాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. అక్కడ నిశ్శబ్దం బోర్డు అప్పుడూ ఉంది. ఆయనకు మటుకు అది వర్తించేది కాదు.

ఆ సాయంత్రం 'నేర్చుకున్నది' అన్న గడిలో ఆమె 'ఏమీ లేదు' అని రాసి కింద గీత కొట్టింది. చివరి పేజీలోని గడిలో ఏం రాయాలో కూడా అప్పటికే తేల్చుకుంది. రెండక్షరాలు చాలు: కాదు.

మంగళవారం ఇద్దరూ నేల కింది గదిలోకి దిగారు. పాత పుస్తకాలన్నీ అక్కడ ఉంటాయి. పాఠకులు రారు, గాలి రాదు. ఒక్క ట్యూబులైటు మాత్రం ఉండుండి గుర్‌మంటుంది. ఇక్కడ పుస్తకాలకు విషయాల వరస లేదు. చేరిన నంబర్ల వరసే. కొత్తమ్మాయి ఒక్కో పుస్తకం తీసి, నంబరు చదివి, కంప్యూటరులో కొట్టి, గీతల చీటీ అంటిస్తోంది. మేడమ్ స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పాత రిజిస్టరు పెట్టుకుని టిక్కు కొడుతోంది. మిషను లెక్క మిషనుది, తన లెక్క తనది.

నాలుగు వేల ఇరవై ఒకటి నుంచి నలభై దాకా ఉన్నవి ఒక ప్లీడరుగారు వాళ్ళ నాన్న పేర ఇచ్చిన పుస్తకాలు. ఇరవై పుస్తకాలకూ ఒకే నల్ల గుడ్డ బైండింగు. వీపు మీద పేరు ఉండదు, అంటించిన కాగితం మీద నంబరు మాత్రం ఉంటుంది.

"నాలుగు వేల ముప్పై."

"ఊఁ."

"ముప్పై ఒకటి... లేదు మేడమ్. ముప్పై రెండు ఉంది."

"లేదు. ఎర్ర సిరాతో రాసి ఉంది కదా, పోయిందని."

"ఏం పుస్తకం?"

"పక్షులది. పుటపుటకీ రంగుల బొమ్మలు. అప్పట్లోనే అలాంటిది దొరికేది కాదు. ఇచ్చిన ప్లీడరే ఒకరోజు చూడాలని వచ్చాడు. కనపడలేదు. ఇల్లు పీకి పందిరేశాడు. విచారణ పెట్టారు."

"ఎవరు తీశారట?"

"ఇంకెవరు, ముత్యాలు. నిన్న చెప్పానే, ఆయన. రోజూ సంచిలో పుస్తకాలు పెట్టుకుని ఇంటికెళ్ళేవాడు. నేను చూశాను. అడిగారు, చెప్పాను." ఆమె పుట తిప్పింది. "చదువు, చదువు. మాటల్లో పెట్టకు."

"ముప్పై ఆరు."

"ఊఁ."

"ముప్పై ఏడు."

టిక్కు.

"ముప్పై ఏడు."

"చెప్పావు."

"ఇంకోటి ఉంది మేడమ్. మిషను తీసుకోవట్లేదు. ఈ నంబరు ఇప్పటికే ఉంది అంటోంది."

"నీ మిషనుకు బుర్ర లేదు. అది రెండు భాగాల పుస్తకం. ప్రతి ఏడూ రెండూ చూస్తూనే ఉన్నా." ఆమె పాత సంవత్సరాల గడుల మీద వేలితో కొట్టింది. నిజమే, ఏ సంవత్సరం గడిలో చూసినా ముప్పై ఏడు దగ్గర టిక్కు ఒత్తుగా ఉంది. ఒకదాని మీద ఒకటి రెండుసార్లు కొట్టిన టిక్కు.

కొత్తమ్మాయి రెండు పుస్తకాలూ తెరిచి పక్కపక్కన పెట్టింది. "భాగాలు కాదు మేడమ్. ఇదేమో చట్టం పుస్తకం. ఇదేమో పక్షులది."

ట్యూబులైటు గుర్‌మని ఆగింది.

"ఇటివ్వు," అంది మేడమ్.

నల్ల అట్ట. మొదటి పుట మీదా, వీపు కాగితం మీదా నీలం సిరాతో తన చేత్తో రాసిన నంబరు. నాలుగు, సున్నా, మూడు. చివరి అంకెకు పైన కొక్కెం. లోకంలో ఎవరు చూసినా ఏడనే చదువుతారు. సర్దిన అటెండరు ఏడనే చదివి ఏడు పక్కన పెట్టాడు. విచారణకొచ్చిన పెద్దమనుషులు వీపులు చూశారు కానీ కడుపు విప్పి చూడలేదు. ఆ ఏడును ఒకటని చదవగలిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆమె.

ముప్పై రెండేళ్ళు ఆ పుస్తకం తన చోటుకు ఆరు పుస్తకాల అవతల కూర్చుని ఉంది. ఏటేటా ఆమే వచ్చి, దానికి టిక్కు కొట్టి వెళ్ళింది.

"మేడమ్, దీనికి కొత్త నంబరు ఇచ్చేద్దామా?" అంది కొత్తమ్మాయి. "చివరి నంబరు తర్వాత వేసేస్తే సరి. ఎవరడుగుతారు?"

కళ్ళజోడు మసకేసిందని మనసుకు చెప్పుకుని, మేడమ్ పుస్తకం తిరిగి ఇచ్చేసింది. "ముప్పై మూడో పుట తియ్యి."

"ఎందుకు?"

"తియ్యమ్మాయ్. మొదటి పుట ఎవడైనా చింపేస్తాడు. అందుకని ప్రతి పుస్తకంలోనూ లోపల ఒక పుట మీద, కుట్టు దగ్గర, మన నంబరు ఇంకోసారి రాసి ఉంటుంది. ఇక్కడ అది ముప్పై మూడో పుట. అది బయటివాళ్ళకు చెప్పకూడదు."

"నాలుగు నెలలయింది, నాకు చెప్పలేదే!"

"నువ్వు బయటిదానివే అనుకున్నా. తియ్యి."

కొత్తమ్మాయి పుట విప్పి, కుట్టులోకి ఒంగి చూసింది. "నాలుగు వేల ముప్పై ఒకటి. పెన్సిలుతో ఉంది. అబ్బ, ఎవరిదో మేడమ్, రాత ముత్యాల్లా ఉంది."

"ముత్యాలే," అంది మేడమ్.

కొత్తమ్మాయి కాసేపు పుస్తకాన్నీ రిజిస్టరులోని ఎర్ర సిరానూ మార్చిమార్చి చూసింది. "అంటే పోయిన పుస్తకం ఇదేనా? మరి ఆయన తీశాడన్నారు?"

"భోజనాల వేళయింది. లైటు తీసి రా."

మెట్లెక్కుతుంటే మోకాళ్ళు ఎప్పటికన్నా ఎక్కువ నొప్పి పుట్టాయి. పొద్దున దేవుడికి చెప్పుకున్న నొప్పే. ఆయనగారు విన్నదీ లేనిదీ తెలియలేదు.

సాయంత్రం ఇంట్లో మొగుడు గిన్నెలు తోముతున్నాడు. రిటైరయ్యాక ఆ పని ఆయనది. తోముతూ మాట్లాడటం అలవాటు. ఆమె పక్కనే నిలబడి గుడ్డతో తుడుస్తూ జరిగింది చెప్పింది. ఒకటి, ఏడు, నల్ల అట్ట, అన్నీ చెప్పింది.

"పోనీలెద్దూ," అన్నాడాయన. "ఆ మనిషి ఉన్నాడో పోయాడో. పద్దెనిమిది రోజులు నోరు మూసుకుంటే అయిపోయేదానికి."

"పదిహేడు."

"పదిహేడు. నిశ్శబ్దం మేడమ్‌వి, నీకు కష్టమా?"

"ఓ మాట చెప్పండి. చూసింది చూసినట్టు చెప్తే పాపమా?"

"నువ్వేం చూశావు?"

"సంచిలో పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళడం."

"ఎందుకు తీసుకెళ్ళేవాడు?"

ఆమె తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. "కుట్టడానికి. ఊడిన పుటలు రాత్రికి కుట్టుకుని పొద్దున్నే తెచ్చేవాడు. బైండింగుకు పంపితే నెలలు పట్టేదని."

"ఆ మాట కూడా చెప్పావా విచారణలో?"

"అడగలేదు."

ఆయన కొళాయి కట్టేశాడు. "అడక్కపోయినా లోకంలో అందరికీ అన్నీ చెప్తావే," అన్నాడు, ఈసారి నవ్వకుండా. "నాకు మొన్న చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నానని వీధి చివరనుంచి అరిచి మరీ చెప్పావు."

ఆమె తడిగుడ్డ పిండి ఆరేసింది. మనసులో ముప్పై రెండేళ్ళ సందేహం పక్కకు జరిగింది. దాని వెనక సందేహం లేదు. ఎప్పుడూ లేదు. ఒకటి తెలిసీ సగమే చెప్పింది, అంతే. దేవుడి దగ్గర ఏ లెక్కా తప్పదంటారు. ఒకటినీ ఏడునూ ఆయన విడివిడిగానే రాసుకుని ఉంటాడు.

బుధవారం టీ వేళకు కొత్తమ్మాయి ఫారం తీయలేదు. చేతిలో ఒక తీగ ఉంది. తీగ నిండా పసుపు పట్టిన చీటీలు గుచ్చి ఉన్నాయి.

"కౌంటరు కింద సొరుగు ఖాళీ చేస్తుంటే దొరికాయి మేడమ్. ఇవేంటి, పారేయనా?"

"పాఠకులు అడిగినా ఇవ్వని పుస్తకాల చీటీలు. కార్డు లేకో, టైము దాటో. పారెయ్."

"ఒకటి పారేయలేదు." కొత్తమ్మాయి వేరుగా తీసిపెట్టిన చీటీ బల్లమీద పెట్టింది. "నిన్నటి పెన్సిలు రాతే కదా ఇది?"

రాత అదే. తేదీ, ముత్యాలు మాస్టారు వెళ్ళిపోయిన తర్వాతి నెలది. పుస్తకం నంబరు గడిలో నాలుగు వేల ముప్పై ఏడు. కింద సన్నగా ఒక మాట: 'ఇక్కడే చూసి ఇచ్చేస్తాను. ఇంటికి వద్దు.'

మేడమ్ ఆ చీటీని ముట్టుకోలేదు. ముప్పై రెండేళ్ళ కిందటి కౌంటరు కళ్ళముందుకొచ్చింది. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో సంచి లేదు. వెనక ఇద్దరు పాఠకులు నిలబడి ఉన్నారు. వాళ్ళకు వినపడాలనే, గొంతు కొంచెం పెంచి, "కార్డేది మాస్టారూ? రూలు మీరు నేర్పిందే కదా?" అంది తను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆమెకు ఎన్నో ఏళ్ళు తియ్యగానే ఉండేది. నిన్న కాక మొన్న, టీ తాగుతూ, ఈ అమ్మాయికి విలువ అని చెప్పి రాయించింది కూడా దాన్నే.

ఆయనకు తెలిసిపోయిందన్నమాట. తెలుసుకుని, ఒక్కసారి చూడటానికి వచ్చాడు. ముప్పై మూడో పుట విప్పితే చాలు, పోయిన పరువు ఆ కౌంటరు మీదే దొరికేది.

"కూర్చో," అంది. కొత్తమ్మాయి కూర్చుంది. మేడమ్ మొదటినుంచీ చెప్పింది. చిత్తుకాగితాల ఒకట్లు, హాలంతా నవ్విన నవ్వు, సంచి, కుట్లు, కార్డు. మధ్యలో ఎవరో పాఠకుడు దగ్గాడు. ఆమె బోర్డు వైపు చూపించలేదు.

అంతా విని కొత్తమ్మాయి చాలాసేపు టీ కప్పు అంచు చుట్టూ వేలు తిప్పింది. "నేనైతే చెప్పేదాన్ని కాదు మేడమ్," అంది. "నిన్ననే కొత్త నంబరు వేసేసేదాన్ని."

"తెలుసు. నేనూ రాత్రి దాకా అదే అనుకున్నా."

"మీరంటే నాకు... మీరు ఇలా చెప్తారని అనుకోలేదు. నిజం చెప్పనా, మీరు చెత్త మనిషి అనుకున్నా. ఫారంలో రాయలేదంతే."

"రాయాల్సింది. గడి ఖాళీగానే ఉందిగా." మేడమ్ లేచింది. "పద. పుస్తకం పట్టుకురా. నెత్తి పట్టుకుని లాగకు. పక్కవి రెండూ లోపలికి నెట్టి, నడుం పట్టుకుని తియ్యి. నాలుగు నెలల్నుంచి చూస్తున్నా, ప్రాణం పోతోంది నాకు."

అధికారి గదిలో ఆమె అర్జీ పెట్టింది. పుస్తకం దొరికిందనీ, తప్పు చదివేలా నంబరు రాసింది తనేననీ, విచారణలో సగం మాటే చెప్పింది తనేననీ రాసింది. పాత గ్రంథపాలకుడి మీద రాసిన మాట కొట్టేసి, కొట్టేసినట్టు ఆయనకు కాగితం ఇవ్వాలని అడిగింది. అధికారి చదివి, అర్జీని రెండు వేళ్ళతో, తడి గుడ్డను పట్టుకున్నట్టు, పక్కకు జరిపాడు.

"ఎందుకమ్మా ఈ పాత కంపు ఇప్పుడు? ఎప్పుడో ఎవరో... ఇంకో రెండు వారాలు బుద్ధిగా కూర్చుంటే సభ పెడతాం, శాలువా కప్పుతాం. ఇది లోపలికెళ్తే మీ సర్వీసు పుస్తకంలో మాటొస్తుంది. తెలుసా?"

"తెలుసు."

"మరి?"

ఆమె ఏమీ అనలేదు. అక్కడే కుర్చీలో కూర్చుంది. అధికారికి ఫోను వచ్చింది, మాట్లాడాడు. ఇద్దరు వచ్చి సంతకాలు పెట్టించుకుని వెళ్ళారు. ఆమె కదల్లేదు. ఉద్యోగమంతా ఇంకొకళ్ళకు చూపించిన నిశ్శబ్దం ఆ రోజు తను పాటించింది. ముప్పావుగంటకు అధికారి విసిగిపోయి, "చచ్చిపోతున్నానమ్మా మీతో," అని సంతకం గీకి, ముద్ర వేసి విసిరినట్టు ఇచ్చాడు. "శాలువా మాత్రం నన్నడగొద్దు."

"ఇంట్లో రెండున్నాయి," అందామె.

గురువారం సాయంత్రం మేడమ్ కొత్తమ్మాయి స్కూటరు వెనక కూర్చుని మాస్టారి ఇంటికి బయల్దేరింది. పాత పెన్షను ఫైల్లోంచి చిరునామా తీసింది కొత్తమ్మాయే. దారి పొడవునా మేడమ్ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని, సంచిని గుండెకు అదుముకుని కూర్చుంది. బయల్దేరేముందు ఆ పుస్తకాన్ని పద్ధతి ప్రకారం తన కార్డు మీద రాయించుకుంది. ఫారంలో 'నేర్చుకున్నది' అన్న గడి కూడా నింపింది: 'వీపు చూసి టిక్కు కొట్టకూడదు.' పై ఆఫీసుకు అర్థం కాదు, తిప్పి పంపుతారు. పంపనీ. చివరి పేజీ గడిలో 'తగినదే' అని రాసి, కొత్తమ్మాయి చూడకుండా మడిచిపెట్టింది.

మేడమీద రెండు గదుల ఇల్లు. నెరిసిన జుట్టు కోడలు తలుపు తీసి, లోపలికి కేకేసింది. "మామయ్యా, మీ లైబ్రరీ నుంచి ఎవరో వచ్చారు."

"నాకు కార్డు లేదని చెప్పు," అంది లోపల గొంతు.

ఎనభై ఏడేళ్ళ మనిషి కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పక్కన బల్లమీద పాత పేపర్లు తేదీల వరసన, అంచులు ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా పేర్చి ఉన్నాయి. ఆయన కళ్ళు చికిలించి చూశాడు.

"ఓహో నువ్వా. లావయ్యావు."

"మీరు చిక్కారు మాస్టారూ."

"ఈ అమ్మాయెవరు?"

"నా తర్వాత వస్తోంది. నా జంట."

"ఒకట్లు సరిగ్గా రాస్తుందా?"

"మిషను రాస్తుంది తాతగారూ," అంది కొత్తమ్మాయి.

"మంచిది. మిషనుకు మనసులో కక్ష ఉండదు."

మేడమ్ ముందు చీటీ అందించింది. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "ఇది నా చీటీ."

"అవును మాస్టారూ. అప్పుడు ఇవ్వలేదు."

"కార్డు లేదన్నావు."

"ఇప్పుడు నా కార్డు మీద తెచ్చాను." ఆమె పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన పేరు చూడలేదు, పక్షుల బొమ్మలు చూడలేదు. బొటనవేలితో పుటలు జారవిడిచి, ఒకచోట ఆపాడు. ముప్పై మూడో పుట. కుట్టు దగ్గర వేలు పెట్టి అలాగే ఉంచాడు. కోడలు మంచినీళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళింది. ఎవరూ తాగలేదు.

"మీకు ఎప్పుడు తెలిసింది మాస్టారూ?"

"వచ్చేసిన నెలకి. మనవడు కూడికలో ముప్పై ఒకటి వేస్తే ముప్పై ఏడు అనుకుని మొట్టాను. మొట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మర్నాడు వచ్చాను."

"ఇంకోసారి రావలసింది. పైవాళ్ళకు రాయవలసింది."

"కార్డు లేనివాడు రాస్తే ఎవరు చదువుతారు?"

"విచారణలో సంచి సంగతి చెప్పాను. కుట్టుకొచ్చే సంగతి చెప్పలేదు."

"తెలుసు. బయట బెంచీ మీద కూర్చోబెట్టారు నన్ను. తలుపు సందులోంచి వినపడింది. తర్వాతి మాట చెప్తావేమో అని చూశాను. కుర్చీ జరిపిన చప్పుడే వినపడింది."

మేడమ్ అధికారి ముద్ర వేసిన కాగితం ఆయనకు అందించింది. ఆయన ముద్ర ఒక్కటీ చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తేదీ చూసుకుని, పేపర్ల దొంతరలో దాని చోట దూర్చాడు. పుస్తకాన్ని మాత్రం ఒళ్ళోంచి తీయలేదు.

"ఇది ఎన్నాళ్ళుంచుకోవచ్చు?"

"పదిహేను రోజులు."

"తిరిగిచ్చే తేదీ చీటీ మీద రాయి. రూలు రూలే."

ఆమె చీటీ బల్లమీద పెట్టి, పెన్ను తీసింది. మూడు రాసింది. దాని పక్కన, చిత్తుకాగితం మీద రాస్తున్నదానిలా నాలుక పంటి కింద పెట్టుకుని, పైనుంచి కిందికి ఒక్క గీత గీసి, చెయ్యి ఎత్తింది. ఆయన చీటీ లాక్కుని కిటికీ వెలుగుకు పట్టాడు.

"ముప్పై ఒకటా, ముప్పై ఏడా?"

కొత్తమ్మాయి నవ్వేసింది. "ముప్పై ఏడో తేదీ ఏ నెలలోనూ ఉండదు తాతగారూ."

"ఈవిడ రాస్తే ఉంటుంది."

ఆయన ఇంకాసేపు ఆ అంకెను చూశాడు. తర్వాత చెయ్యి చాచి ఆమె పెన్ను తీసుకుని, మోకాలి మీద పుస్తకాన్నే బల్లలా పెట్టుకుని, చీటీ అడుగున వణుకుతూనే, ముత్యాల్లాంటి అక్షరాల్లో రాశాడు: 'ముట్టింది.'